కాన్పు ఆగిపోతోందని గుర్తుపట్టడం నేర్పడం: లేబర్ రూమ్‌లో నా అనుభవం

ఫిబ్రవరి చివర్లో మెడికల్ కాలేజీలో మా ప్రసూతి విభాగం హెచ్‌ఓడీ పిలిచి, "చివరి సంవత్సరం పిల్లలకి అబ్నార్మల్ లేబర్ నువ్వు చెప్పు. క్లాసులే కాదు, లేబర్ రూమ్ పోస్టింగ్ కూడా నువ్వే చూసుకో" అన్నారు. అప్పటిదాకా నాకు వచ్చినవన్నీ విడివిడి గంట లెక్చర్లే. ఒక బ్యాచ్‌ని మొదటి క్లాసు నుంచి పోస్టింగ్ ముగిసేదాకా నాకే అప్పగించడం ఇదే మొదటిసారి. ఏప్రిల్ మొదటి వారంలో అది పూర్తయింది. ఇదే పని నెత్తిన పడబోయే జూనియర్ ఫ్యాకల్టీకి, లేబర్ రూమ్‌లోకి అడుగుపెట్టబోయే విద్యార్థులకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి రోజు పాఠం చెప్పలేదు. ఒక కాన్పు వివరాలు నేనే తయారు చేసుకుని, గంటగంటకీ ఏం కనిపించిందో కాగితం మీద ఇచ్చి, పార్టోగ్రాఫ్, అంటే కాన్పు ఎలా సాగుతోందో గంటల వారీగా చూపే గ్రాఫు, గీయమన్నాను. గీశారు. గ్రాఫులు చూస్తే ముచ్చటేసింది. సర్విక్స్ (గర్భాశయ ముఖద్వారం) విచ్చుకోవడానికి క్రాస్ గుర్తులు, తల దిగడానికి సున్నాలు, కింద నొప్పులకి షేడింగ్, అంతా గడి తప్పకుండా ఉంది. కింద నేను పెట్టిన ప్రశ్న ఒక్కటే: "ఇప్పుడు మీరేం చేస్తారు?" సగానికి పైగా అక్కడ ఖాళీ వదిలేశారు. కొందరు "సీనియర్‌కి ఇన్ఫామ్ చేస్తాను" అని రాశారు. ఎన్ని గంటలకి, ఏమని చెబుతారు? అది లేదు. వాళ్లు గీసిన గీతే యాక్షన్ లైన్, అంటే ఇక ఏదో ఒకటి చేయాలని చెప్పే గీత, దాటి రెండు గంటలైంది. దాటిందని వాళ్లకి కనిపిస్తోంది కూడా. దాటితే తమకేంటి పని అన్నది తట్టలేదు. ఆ కాగితాల కట్ట పట్టుకుని ఇంటికి వెళ్తుంటే నాకు టెన్షన్ మొదలైంది.

రెండో క్లాసులోనే అసలు చిక్కు వచ్చింది. "మేడమ్, సర్విక్స్ గంటకి ఒక సెంటీమీటర్ విచ్చుకోవాలని పుస్తకంలో ఉంది. మీరేమో అది పట్టించుకోవద్దంటున్నారు. పరీక్షలో ఏది రాయాలి?" ముందు బెంచీ అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. దీనికి అడ్డదారిలో జవాబు చెప్పి తప్పించుకుంటే తర్వాత చెప్పేదేదీ నమ్మరు. అందుకని ఆ గంటంతా దానికే పెట్టాను.

ఫ్రీడ్‌మన్ అమెరికాలో 1954లో నొప్పులు పడుతున్న ఆడవాళ్లని గమనించి సర్విక్స్ విచ్చుకునే తీరుని గ్రాఫుగా గీశాడు. 1972లో ఫిల్‌పాట్, కాజిల్ అనే ఇద్దరు అప్పటి రొడీషియాలో (ఇప్పటి జింబాబ్వే) ఆ గ్రాఫు మీద అలర్ట్ లైన్, దానికి నాలుగు గంటలు కుడివైపున యాక్షన్ లైన్ గీశారు. ఎందుకు గీశారో చెప్పగానే పిల్లల ముఖాలు కాస్త తేటపడ్డాయి. దూరంగా ఉన్న చిన్న కేంద్రాల్లో మంత్రసానులు కాన్పులు చేసేవాళ్లు. ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలో వాళ్లకి ముందే తెలియాలి. అలర్ట్ లైన్ అంటే బయలుదేరమని. ప్రయాణానికి, ఆలోచనకి మధ్యలో నాలుగు గంటలు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియాలో ముప్పై ఐదు వేల మందికి పైగా తల్లుల మీద ఈ పార్టోగ్రాఫ్‌ని పరీక్షించి చూస్తే, 18 గంటలు దాటి సాగే కాన్పులు 6.4 శాతం నుంచి 3.4 శాతానికి తగ్గాయి. అంటే ఆ గీతలు పనికిరానివేం కావు.

మరి ఇప్పుడెందుకు వద్దంటున్నాం? ఆరోగ్యంగా ఉండి మామూలుగా ప్రసవించిన ఆడవాళ్లలోనే చాలామంది గంటకి ఒక సెంటీమీటర్ కంటే నెమ్మదిగా సాగారని తర్వాత తేలింది. 2010లో జాంగ్ బృందం అరవై రెండు వేల కాన్పుల లెక్కలు తీస్తే, నాలుగు నుంచి ఐదు సెంటీమీటర్లకి చేరడానికే ఆరు గంటలు దాటవచ్చని వచ్చింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాక్టివ్ దశ, అంటే సర్విక్స్ వేగంగా విచ్చుకునే దశ, మొదలయ్యేది ఐదు సెంటీమీటర్ల దగ్గర అంది. గంటకి ఒక సెంటీమీటర్ అనే కొలత అందరికీ పెట్టొద్దంది. 2020 డిసెంబరులో పార్టోగ్రాఫ్‌కి బదులు లేబర్ కేర్ గైడ్ అనే కొత్త షీటు తెచ్చింది. అందులో ఏటవాలు గీత లేదు. ఒక్కో సెంటీమీటర్‌కి ఒక్కో గడువు ఉంటుంది: ఐదు దగ్గర ఆరు గంటలు, ఆరు దగ్గర ఐదు, ఏడు దగ్గర మూడు, ఎనిమిది దగ్గర రెండున్నర, తొమ్మిది దగ్గర రెండు. ఆ గడువు అయిపోయినా అక్కడే ఉంటే చుట్టూ గుండ్రంగా గీసి, ఎందుకో ఆలోచించి, ఏం చేయబోతున్నామో కింద రాయాలి.

"పరీక్షలో రెండూ రాయండి, ఏది ఎప్పటిదో రాయండి, లేబర్ రూమ్‌లో మాత్రం ఇది వాడండి" అన్నాను. ఆ అమ్మాయి తలూపింది గానీ పూర్తిగా నమ్మినట్టు అనిపించలేదు. వైవాలో అడిగేది ఎవరో తనకి తెలుసు మరి.

గైడ్ షీటులో చివరి వరస ప్లాన్ కోసం. మొదటి రోజు ఖాళీగా వదిలేసింది సరిగ్గా ఆ గడినే. అప్పటినుంచి నా రూలు ఒకటే: పైన ఎంత నీటుగా నింపినా సరే, ప్లాన్ గడి ఖాళీగా ఉంటే కాగితం తీసుకోను.

తర్వాతి వారం సర్విక్స్ ఎంత విచ్చుకుందో వేళ్లతో కొలవడం. ఇది చూడ్డానికి చిన్న పనే, కానీ ఎక్కువ నవ్వులు, ఎక్కువ అవమానాలు ఇక్కడే జరిగాయి. మందపాటి అట్టలో ఒకటి నుంచి పది సెంటీమీటర్ల దాకా గుండ్రంగా రంధ్రాలు కోసి, ముక్కలుగా చేసి, ఒక్కోటి పైన గుడ్డ కప్పిన డబ్బాలో పెట్టాను. లోపలికి రెండు వేళ్లు పెట్టి ఎంతో చెప్పాలి. ఆరుని నాలుగన్నారు, ఏడుని తొమ్మిదన్నారు. ఒకబ్బాయి ధీమాగా "ఫుల్ మేడమ్" (అంటే పది) అన్నది ఎనిమిది. ఒకే రంధ్రాన్ని ఇద్దరు చూస్తే చాలాసార్లు సెంటీమీటర్ తేడా వచ్చింది. పీజీలని కూడా కూర్చోబెడితే వాళ్లకీ వచ్చింది. వాళ్లు పిల్లల ముందు కాస్త గింజుకున్నారు.

ఆ తేడా చూపించడం కోసమే అంత శ్రమ పడ్డాను. ఇద్దరి వేళ్ల మధ్యే సెంటీమీటర్ తేడా ఉంటే, పదింటికి ఒకరు చూసి ఆరు అని, రెండింటికి ఇంకొకరు చూసి ఏడు అంటే కాన్పు సాగినట్టా, ఆగినట్టా? వీలైనంతవరకు ఒకే తల్లిని ఒకరే చూడాలని, సెంటీమీటర్ ఒక్కదాన్ని నమ్ముకోకూడదని అట్ట ముక్కలు చెప్పినంత బాగా నేను చెప్పలేను.

అట్ట, గుడ్డ, షీట్ల లామినేషన్ ఖర్చు నా చేతి డబ్బే. పెద్ద మొత్తం కాదు. డిపార్ట్‌మెంట్‌కి బిల్లు పెట్టే తతంగంతో పోలిస్తే ఇదే చవక. అసలు ఖర్చు మార్చి నెలలో నా నిద్ర.

లేబర్ రూమ్‌కి పంపేముందు కాగితం కేసులు చేయించాను. ఒక్కో కేసు కవర్లలో ఉంటుంది. మొదటి కవర్ తెరిస్తే అడ్మిషన్ వివరాలు. రెండోది తెరవాలంటే ప్లాన్ రాయాలి. రాశాక తెరిస్తే నాలుగు గంటల తర్వాతి పరిస్థితి. వెనక్కి వెళ్లి దిద్దడానికి లేదు. మొదట్లో వీళ్లకి ప్రతి నెమ్మదీ ఆక్సిటోసిన్ డ్రిప్‌గానే (నొప్పులు పెంచే మందు) కనిపించింది. తొలిచూలు, పది నిమిషాల్లో రెండే నొప్పులు, అవీ ఇరవై సెకన్లవి, తల సరిగ్గా ఉంది, శిశువు గుండె చప్పుడు బాగుంది. అక్కడ డ్రిప్ సరే. నాలుగో కాన్పు, ఇదివరకు మూడూ తేలిగ్గా అయ్యాయి, ఇప్పుడు గట్టి నొప్పులు వస్తున్నా గంటల తరబడి ఎనిమిది దగ్గరే ఉంది. అక్కడా డ్రిప్ రాశారు.

ఈ రెండో కేసు మీద ఒక మధ్యాహ్నమంతా గడిచింది. బిడ్డ దారికి అడ్డు తగిలితే తొలిచూలు గర్భాశయం చాలాసార్లు అలిసి నెమ్మదిస్తుంది. కాన్పులు చూసిన గర్భాశయం అలా ఊరుకోదు, చిరిగేదాకా తోస్తూనే ఉంటుంది. అందుకే ఇదివరకు సులువుగా కన్న తల్లికి ఈసారి ఆగిందంటే ఇంకా ఎక్కువ భయపడాలి. బిడ్డ పెద్దదా, నుదురు ముందుకొచ్చిందా, అడ్డం తిరిగిందా అని వెతకాలి. తర్వాతి కవర్‌లో ఉన్నది ఇది: మూత్రంలో రక్తం, పొట్ట మీద బొడ్డు దగ్గర అడ్డంగా గాడి, తల్లి నాడి 130, ఉన్నట్టుండి నొప్పులు ఆగిపోయాయి. ఒకరు "నొప్పులు తగ్గాయి, రెస్ట్ ఇస్తాను" అని రాశారు. గర్భాశయం చిరిగినప్పుడు కూడా నొప్పులు ఆగిపోతాయని చెప్పాక గదిలో ఎవరూ మాట్లాడలేదు. కాగితం మీద కేసే అయినా ఆ రాసిన పిల్లవాడు చాలాసేపు దించిన తల ఎత్తలేదు. అక్కడే ఆగి, ఇలాంటి పొరపాటు కవర్లలో జరగడం కోసమే ఈ కవర్లు అని చెప్పి టీకి పంపాను.

మార్చి రెండో వారంలో లేబర్ రూమ్.

లోపలికి వెళ్లేముందు పెట్టిన షరతులు: తల్లి ఒప్పుకుంటేనే పరీక్ష. అదీ ఎలాగూ చేయాల్సిన సమయంలోనే, నాలుగు గంటలకొకసారి, నేనో పీజీనో పక్కన ఉండగా, ఒక్క విద్యార్థే. నేర్చుకోవడం కోసమని అదనంగా ఒక్కసారి కూడా చేయడానికి వీల్లేదు. ఇన్ఫెక్షన్ ప్రమాదం ఒకటైతే, నొప్పుల్లో ఉన్న మనిషికి ఎవరెవరి వేళ్లో భరించాల్సిన పనేంటి? కొందరు తల్లులు ఒప్పుకున్నారు, కొందరు వద్దన్నారు. వద్దన్నప్పుడు పిల్లలు మొదట్లో చిన్నబుచ్చుకున్నారు. ఒకమ్మాయి బయటికొచ్చి "మరి మేమెలా నేర్చుకోవాలి మేడమ్" అంది. పొట్ట మీద చెయ్యి వేయడానికి ఆ తల్లి ఒప్పుకుందా అని అడిగాను. ఒప్పుకుందట. "అయితే నీకు కావలసిన దాంట్లో ముప్పావు వంతు అక్కడే ఉంది, వెళ్లు" అన్నాను.

మాటవరసకి అన్నది కాదు. పొట్ట మీద చెయ్యి వేసి నిండా పది నిమిషాలు కూర్చుంటే ఎన్ని నొప్పులు వచ్చాయి, ఒక్కోటి ఎన్ని సెకన్లు ఉంది, మధ్యలో గర్భాశయం మెత్తబడుతోందా లేదా తెలుస్తుంది. తల ఐదు వంతుల్లో ఎన్ని ఇంకా పైనే తగులుతున్నాయో తెలుస్తుంది. కానీ పది నిమిషాలు కదలకుండా కూర్చోవడం ఈ కాలం పిల్లలకి ఎంత కష్టమో అప్పుడే చూశాను. ఒకడు రెండు నిమిషాలు చూసి ఐదుతో గుణించాడు. పది నిమిషాలకి ఐదు నొప్పులు అని రాశాడు. నేను కూర్చుంటే మూడే వచ్చాయి.

ఎవరూ ముందు చెప్పని చిన్న చిన్న సంగతులు కొన్ని ఉన్నాయి. లేబర్ రూమ్ గోడ గడియారం పది నిమిషాలు వెనక ఉంది, పిల్లలు ఫోన్ చూసి రాస్తున్నారు, సిస్టర్లు గడియారం చూసి రాస్తున్నారు. ఒకే తల్లి షీటులో ఉమ్మనీరు పోవడం కంటే ముందే దాని రంగు రాసి ఉంది! గడియారం సరిచేయించడానికి స్టూల్ ఎక్కాల్సింది నేనే. రాత్రి వెలుతురులో పలచని ఆకుపచ్చ ఉమ్మనీరు తెల్లగానే కనిపిస్తుంది, జేబులో టార్చి ఉండాలి. ఇక అన్నింటికంటే ఎక్కువగా చూసింది, షీటు కాన్పు అయ్యాక నింపడం. అరగంటకొకసారి వినాల్సిన శిశువు గుండె చప్పుడు నాలుగు గంటలపాటు 140, 142, 140, 142 అని ఒకే పెన్నుతో, ఒకే వాలులో, ఒకే ఒత్తిడితో రాసి ఉంటే చూడగానే తెలిసిపోతుంది. విన్నప్పుడు రాసిన షీటు అంత అందంగా ఉండదు. కొట్టివేతలుంటాయి, ఒక మూల గ్లవ్ పౌడరు మరక ఉంటుంది. అందంగా ఉన్న షీట్లన్నీ పక్కకి తీసి, కొట్టివేతలున్నవాటికే సంతకం పెట్టడం మొదలుపెట్టాక కొంత మారింది.

మొదటి వారంలో వచ్చిన ఒక తల్లి వల్ల సగం బ్యాచ్‌కి ఓపిక అలవాటైంది. తొలిచూలు, సాయంత్రం మూడు సెంటీమీటర్లతో వచ్చింది. రాత్రి పదకొండుకి నాలుగు. పిల్లలు గుమిగూడి "ప్రోలాంగ్డ్ మేడమ్, ఏదైనా చేయాలి" అన్నారు. నొప్పులు పది నిమిషాలకి రెండు, మధ్యలో ఆమె పక్కనున్న తన అక్కతో మాట్లాడుతోంది, నడుస్తోంది, నీళ్లు తాగుతోంది. శిశువు బాగుంది. యాక్టివ్ దశే మొదలవ్వలేదు, ఇంకా గడువు ఎక్కడినుంచి లెక్కపెడతారు? ఏమీ చేయలేదు. ఏమీ చేయకుండా ఉండటానికి నన్ను తెల్లవారుజాము రెండున్నర దాకా పిల్లలు సంజాయిషీ అడుగుతూనే ఉన్నారు. మూడింటికి ఆరు, ఐదున్నరకి బిడ్డ ఏడ్చింది.

కానీ ఓపిక నేర్పడం సులువే. ఓపిక ఎక్కడ చాలించాలో నేర్పడమే కష్టం. అది మార్చి మూడో వారంలో ఒక రాత్రి జరిగింది. ఆ తల్లిని గుర్తుపట్టే వివరాలు రాయను, కాన్పు వరకే రాస్తాను.

ఈమెదీ తొలిచూలే, నెలలు నిండాయి. రాత్రి తొమ్మిదికి ఐదు సెంటీమీటర్లు, తల ఐదింట నాలుగు వంతులు పైనే. పది నిమిషాలకి మూడు నొప్పులు, నలభై సెకన్లు. ఆ రాత్రి డ్యూటీలో ఇద్దరు విద్యార్థులు. డ్యూటీ రెండింటిదాకే, తర్వాత హాస్టల్‌కి వెళ్లిపోవచ్చు. పన్నెండున్నరకి ఉమ్మనీరు పోయింది, తేటగా ఉంది. ఒంటిగంటకి పరీక్ష చేస్తే ఏడు సెంటీమీటర్లు, తల మూడు వంతులు పైన. బిడ్డ ముఖం తల్లి పొట్టవైపు తిరిగి ఉంది, అంటే ఆక్సిపిటో పోస్టీరియర్. నాలుగు గంటల్లో రెండు సెంటీమీటర్లు, తల ఒక వంతు దిగింది. బాగానే ఉంది. సీనియర్ సిస్టర్ మాత్రం షీటు వైపు చూడకుండానే, "ఈ అమ్మాయి నొప్పంతా నడుములోనే అంటోంది. కాస్త చూసుకోండి" అని వెళ్లింది.

రెండింటికి అబ్బాయి సంతకం పెట్టి వెళ్లిపోయాడు. తప్పేం లేదు, రోస్టర్ అలాగే ఉంది. అమ్మాయి ఉండిపోతానంది. ఉండమని నేను అడగలేదు.

అరగంటకొకసారి గుండె చప్పుడు, మధ్యలో పొట్ట మీద చెయ్యి. తల్లి మధ్యమధ్య "ఎంతవరకు వచ్చింది?" అని అడుగుతోంది. మొదట ఆ అమ్మాయి నావైపు చూసేది. తర్వాత తనే "నొప్పులు బాగా వస్తున్నాయమ్మా, తల ఇంకా దిగాలి, నాలుగింటికి చూసి చెప్తాం" అనడం మొదలుపెట్టింది. ఆ జవాబులో అబద్ధం లేదు, కంగారూ లేదు. నేను పక్క బల్ల దగ్గర ఇంకో కేసులో ఉన్నాను. నాలుగు కావస్తుండగా వచ్చి మెల్లగా, "మేడమ్, నొప్పులు నాలుగుకి పెరిగాయి, యాభై సెకన్లు ఉంటున్నాయి. తల మాత్రం ఒంటిగంటకి ఎక్కడ ఉందో అక్కడే ఉంది. ఏడు దగ్గర మూడు గంటలు అయిపోతోంది" అంది.

నెలరోజుల్లో నేను వినాలనుకున్న వాక్యం అదే. సెంటీమీటర్ ఇంకా చూడనే లేదు. నొప్పులు పెరిగాయి, తల కదల్లేదు, గడువు అయిపోతోంది. ఈ మూడూ ఒక్క మాటలో పట్టుకొచ్చింది.

పరీక్ష చేస్తే ఏడే. కపాలం ఎముకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి, వేలితో నొక్కితే విడుతున్నాయి, అంటే మోల్డింగ్ రెండు ప్లస్. తల మీద వాపు వచ్చింది. ఇక్కడే తనకి ఒక సందేహం: "లోపల చూస్తే తల కిందికి వచ్చినట్టే ఉంది కదా మేడమ్?" వేలికి ముందు తగిలేది ఆ వాపు. వాపు కిందికి పెరుగుతుంది, ఎముక అక్కడే ఉంటుంది. అందుకే పైన పొట్ట మీద చూడమనేది. తన చెయ్యి పట్టుకుని మళ్లీ పొట్ట మీద పెట్టించాను. మూడు వంతులు, అలాగే.

ప్లాన్ గడి తనతోనే రాయించాను. పక్కకి తిప్పి పడుకోబెట్టడం, మూత్రాశయం ఖాళీ చేయడం, నీళ్లు, కన్సల్టెంట్‌కి ఫోన్, థియేటర్‌కి ముందుగా చెప్పి ఉంచడం, ఆరింటికి మళ్లీ చూడటం. డ్రిప్ రాయలేదు. ఎందుకు రాయలేదని అడిగితే, "నొప్పులు సరిపోతున్నాయి మేడమ్, తక్కువైంది నొప్పి కాదు" అంది. మూత్రం కొద్దిగానే వచ్చింది, ముదురు రంగులో.

ఆ రెండు గంటలూ పిల్లలకి చెప్పగలిగేవి కావు, వాళ్లు ఉండి చూడాల్సినవి. ఏమీ జరగనట్టే ఉంటుంది. నొప్పి వస్తుంది, పోతుంది. గుండె చప్పుడు 150 దగ్గరుంది. తల్లికి ఓపిక తరిగిపోతోంది, వాళ్లమ్మ గుమ్మం దగ్గర నిలబడి మా ముఖాలు చదువుతోంది. తొందరపడి కోసేస్తున్నామా అని ఒక నిమిషం, ఇంకా ఎందుకు ఆగామని మరో నిమిషం. ఇన్నేళ్ల అనుభవం ఉన్నా ఆ ఊగిసలాట నాకు తప్పలేదు. అది ఆ అమ్మాయికి కనిపించనివ్వడం కూడా పాఠమే అనుకున్నాను.

ఆరింటికి ఏడే. సర్విక్స్ ముందు అంచు ఉబ్బింది. మోల్డింగ్ మూడు ప్లస్, నొక్కినా ఎముకలు విడటం లేదు. తల ఇంకా మూడు వంతులు పైనే. మంచి నొప్పులతో, ఉమ్మనీరు పోయాక, ఐదు గంటలుగా మార్పు లేదు. కన్సల్టెంట్ అప్పటికే వచ్చి ఉన్నారు, ఆవిడా చూశారు. తల్లికి, వాళ్లమ్మకి విషయం చెప్పి సంతకం తీసుకునేటప్పుడు ఆ అమ్మాయిని పక్కనే నిలబెట్టుకున్నాను. ఉదయం ఏడు గంటలు దాటకముందే సిజేరియన్‌లో బిడ్డ బయటికి వచ్చింది. వెంటనే ఏడ్చింది. తల పొడుగ్గా సాగిపోయి ఉంది, అదే మోల్డింగ్ అని చూపించాను. తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నారు.

రాత్రి రెండింటికి వెళ్లిపోయిన అబ్బాయి అదే రోజు మధ్యాహ్నం కేసు రాసి తెచ్చాడు. నీటుగా రాశాడు. చివరి లైను: "లేబర్ బాగా ప్రోగ్రెస్ అవుతోంది." తను చూసినంతవరకు అందులో తప్పు లేదు. తొమ్మిది నుంచి రెండు దాకా చూసినవాడికి అది నార్మల్ కాన్పే. ఇద్దరూ ఒకే బ్యాచ్, ఒకే క్లాసులు, ఒకే అట్ట ముక్కలు, ఒకే తల్లి. నేను చెప్పిన పాఠం ఒకరికి అంది ఇంకొకరికి అందకపోవడం కాదిది, మేం ఇచ్చే డ్యూటీ ముక్కల్లో ఆ సంగతి పట్టదు. ఆగిపోవడం అనేది ఏ ఒక్క గంటలోనూ కనిపించదు. ఆరు గంటల డ్యూటీలు పెట్టి, ఒక్కో డ్యూటీలో ఐదారుగురు తల్లుల్ని తలా కాసేపు చూపించి, "గుర్తుపట్టడం రావట్లేదు" అని పిల్లల్ని తిడుతున్నాం. వాళ్లకి సినిమా మధ్యలో పది నిమిషాలు చూపించి కథ అడిగినట్టుంది.

ఆ రెండు కేసు షీట్లనీ పక్కపక్కన పెట్టి బ్యాచ్‌కి చూపించాను, ఆ అబ్బాయి అనుమతితోనే. వాడే లేచి, "రెండింటికి నేను ప్లాన్ గడిలో ఏం రాసి ఉండాల్సింది మేడమ్?" అని అడిగాడు. మంచి ప్రశ్న. వెళ్లేవాడు వచ్చేవాడికి ఏం అప్పగించాలి? బోర్డు మీద రాసిన మొదటి వాక్యాలు వాళ్లవే: ఆక్సిపిటో పోస్టీరియర్, తల మూడు వంతులు పైన, నాలుగింటికి ఏడు దాటకపోతే సీనియర్‌ని పిలవాలి. డ్యూటీ మారేటప్పుడు "అంతా బాగుంది" అనే మాట ఆ రోజు నుంచి మా బ్యాచ్‌లో బంద్. ఎప్పటికల్లా ఏం జరగకపోతే కంగారుపడాలో చెప్పి వెళ్లాలి.

మార్చి చివర్లో మళ్లీ మొదటి రోజు లాంటి కేసే ఇచ్చాను, అంకెలు మార్చి. గ్రాఫులు ఈసారి కాస్త వంకరగానే ఉన్నాయి. ప్లాన్ గడి అందరూ నింపారు. ఇద్దరు ముగ్గురు ఇంకా తొందరపడి డ్రిప్ రాశారు, ఒకరు నాలుగు సెంటీమీటర్లకే సిజేరియన్ అన్నారు. తక్కినవాళ్లు సమయం వేసి, ఎవరికి ఏం చెబుతారో రాశారు. ముందు బెంచీ అమ్మాయి మాత్రం పక్కన చిన్న అక్షరాలతో "పాత పద్ధతి ప్రకారమైతే అలర్ట్ లైన్ దాటింది" అని కూడా రాసిపెట్టుకుంది. ఎందుకైనా మంచిదని.

విద్యార్థికి ఒక్కొక్క తల్లిని అప్పగించి, యాక్టివ్ దశ మొదలైనప్పటి నుంచి బిడ్డ పుట్టేదాకా ఆమెతోనే ఉంచి, మర్నాడు క్లాసు నుంచి సెలవు ఇవ్వాలని హెచ్‌ఓడీకి రాసి ఇచ్చాను. ఫైలు మూడు వారాలు టేబుళ్ల మీద తిరిగింది. వేరే డిపార్ట్‌మెంట్ వాళ్లు మా క్లాసుకి హాజరు తగ్గుతుందన్నారు, హాస్టల్ వార్డెన్ రాత్రి గేటు సంగతి ఏంటన్నారు. ఇవి నేను ఊహించనే లేదు. లేబర్ రూమ్ గురించి ఒక్కరూ ప్రశ్న అడగలేదు, గేటు గురించి మాత్రం రెండు మీటింగులు జరిగాయి. చివరికి ఏప్రిల్‌లో, పోస్టింగ్‌లో ఒక్కొక్కరికి రెండు కాన్పులు ఇలా పూర్తిగా చూడటానికి ఒప్పుకున్నారు. ఒకటి మామూలుగా సాగిందైనా, ఒకటి నెమ్మదించిందైనా వాళ్ల అదృష్టాన్ని బట్టి. తర్వాతి బ్యాచ్ జూన్‌లో వస్తుంది. చరిత్ర చెప్పే క్లాసు సగానికి కోసి ఆ సమయం కవర్ల కేసులకి ఇస్తున్నాను. అట్ట రంధ్రాల అంచులు నలిగిపోయి ఏడు ఏడున్నర అయింది, వాటిని ఈసారి ప్లాస్టిక్‌తో చేయించాలి.